ఆఫ్రికా మాస్కులు, చెక్కబొమ్మలు చూసి ఆనందించాలంటే ఎలా చూడాలి?

మ్యూజియంలో ఆఫ్రికా బొమ్మలు చూశాననీ, పెద్ద తలలు, బిగుసుకున్న ముఖాలు తప్ప ఏమీ కనిపించలేదనీ, వాటిలో అందం ఎక్కడుందో చెప్పమనీ అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు నైజీరియాలోని లాగోస్‌లో ఉన్నాను. ఆఫ్రికాలో యాభైకి పైగా దేశాలున్నాయి, అన్నిటి గురించీ ఒకే మాట చెప్పడం కుదరదు. అందుకే నాకు పరిచయమైన రెండు కళల గురించే రాస్తాను: నైజీరియా నైరుతి ప్రాంతంలో ఎక్కువగా ఉండే యోరుబా ప్రజలది ఒకటి, నైజీరియాలోనే ఉన్న పాత బెనిన్ రాజ్యానిది (బెనిన్ అనే దేశానిది కాదు) ఇంకొకటి.

బొమ్మ ముందు నిలబడగానే దాంతో ఎవరు ఏం చేసేవారో తెలుసుకోండి. నాకు ఆ కళ మీద ఇష్టం కలిగింది ఈ దారిలోనే, ముఖ్యంగా యోరుబా వాళ్లు చనిపోయిన కవలబిడ్డ కోసం చేయించే ఇబెజీ బొమ్మల వల్ల.

యోరుబా వాళ్లలో కవలలు పుట్టడం ప్రపంచంలోనే చాలా ఎక్కువ. ఆడైనా మగైనా ముందు పుట్టిన బిడ్డ తాయ్‌వో, తర్వాతి బిడ్డ కెహిండే. అయితే పెద్దరికం మాత్రం కెహిండేదే. లోకం ఎలా ఉందో చూసి రమ్మని తాయ్‌వోని ముందు పంపించాడని వాళ్ల నమ్మకం. కవలలిద్దరికీ ప్రాణం ఒకటే అనుకుంటారు కాబట్టి, ఒకరు పోతే రెండో బిడ్డకి ఏమవుతుందోనని ఇంట్లో భయం పట్టుకునేది. అప్పుడు బాబలావోని, అంటే జోస్యం చెప్పే పెద్దని అడిగి, శిల్పి చేత అడుగు కూడా ఉండని చెక్కబొమ్మ చేయించేవారు. తల్లి ఆ బొమ్మకి స్నానం చేయించేది, తినిపించేది, పూసలు కట్టేది, ఒంటికి ఎర్రటి చెక్కపొడి రాసేది, జుట్టుకి నీలిరంగు పట్టించేది.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్న ఇబెజీ ముఖం చూడండి. చాలా బొమ్మలకి ముక్కు, పెదాలు అరిగిపోయి ఉంటాయి. ఏళ్ల తరబడి అభిషేకాలు జరిగిన గుళ్లో మూలవిరాట్టు ముఖం నునుపుతేలినట్టే ఇవీ అరిగాయి. చెక్కింది శిల్పే అయినా, ఈరోజు మనం చూస్తున్న రూపంలో సగం ఆ తల్లి చేతులది. ఇది తెలిశాక ఆ గాజుపెట్టె ముందు నుంచి తొందరగా కదలడం నావల్ల కాలేదు. పోయింది పసిబిడ్డే, అయినా బొమ్మని ఎదిగిన మనిషిలా చెక్కుతారు. తల పెద్దదిగా ఉండటానికీ కారణం ఉంది: మనిషి భాగ్యం, వ్యక్తిత్వం తలలోనే ఉంటాయని యోరుబా వాళ్ల విశ్వాసం. కొలతలు తెలియక అలా చెక్కారనుకోవడం అన్యాయం.

మాస్కుల విషయంలో మ్యూజియమే మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తుంది. యోరుబా వాళ్లు గెలెదె అనే నాట్యంలో వాడే మాస్కునే తీసుకోండి. దాన్ని ముఖానికి పెట్టుకోరు, తల మీద టోపీలా పెట్టుకుంటారు. ముఖం మీద పల్చటి గుడ్డ వేలాడుతుంది. కింద రంగురంగుల బట్టలు, కాళ్లకి గజ్జెలు, ఎదురుగా డప్పులు, చుట్టూ సంతలో జనం. ఆడేది మగవాళ్లు, ఆట మాత్రం తల్లుల శక్తికి మొక్కుబడిగా. ఇదంతా తీసేసి చెక్క ఒక్కటీ గోడకి తగిలిస్తే బిగుసుకుపోయినట్టే కనిపిస్తుంది. కాబట్టి మాస్కు నచ్చితే ఇంటికొచ్చి ఆ నాట్యం వీడియో వెతికి చూడండి. గెలెదె యునెస్కో జాబితాలో ఉంది, వీడియోలు తేలిగ్గానే దొరుకుతాయి.

నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. చాలా బొమ్మల కింద 'శిల్పి ఎవరో తెలియదు' అని రాసి ఉంటుంది. ఊళ్లో వాళ్లకి తెలుసు, కొన్నవాళ్లు అడగలేదు, అంతే. ఒలోవె అనే శిల్పి గురించి చదవండి. ఇసె ఊరివాడు, 1938లో చనిపోయాడు. ఇకెరె అనే యోరుబా ఊళ్లోని రాజభవనానికి ఆయన చెక్కిన తలుపుల మీద, పల్లకీ లాంటి దాంట్లో మోయించుకుంటూ వస్తున్న బ్రిటిష్ అధికారి కనిపిస్తాడు. బొమ్మలు చెక్కలోంచి బయటికి దూకుతున్నట్టు ఉంటాయి. 1924లో లండన్ ప్రదర్శనకి వెళ్లిన ఆ తలుపులని అమ్మడానికి ఇకెరె రాజు ఒప్పుకోలేదు. చివరికి ఇంగ్లండ్‌లో చేయించిన ఒక సింహాసనానికి బదులుగా అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

పాత బెనిన్ రాజ్యానికి రాజధాని అయిన, నైజీరియాలోని బెనిన్ సిటీ వెళ్లే అవకాశం వస్తే ఇగున్ వీధిని వదలొద్దు. 1897లో బ్రిటిష్ సైన్యం అక్కడి రాజభవనాన్ని దోచుకుని వేల కళాఖండాలు పట్టుకుపోయింది. వాటిలోని లోహపు బొమ్మలని పోతపోసిన వంశాల వాళ్లు ఆ వీధిలో ఇంకా అదే పని చేస్తున్నారు. మట్టి ముద్ద మీద మైనంతో బొమ్మ తీర్చి, పైన మళ్లీ మట్టి పూసి కాల్చి, మైనం కరిగి పోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. మన ఆదిలాబాద్ డోక్రా చూసినవాళ్లకి ఈ పద్ధతి కొత్తేం కాదు. బెనిన్ కంచుబొమ్మలని పేరేగానీ వాటిలో ఎక్కువ భాగం ఇత్తడివే.

అంత దూరం వెళ్లలేకపోతే డిజిటల్ బెనిన్ వెబ్‌సైట్ ఉంది. ప్రపంచమంతా చెదిరిపోయిన 5,000కు పైగా వస్తువులని ఫొటోలు, వివరాలతో ఒకచోట పెట్టారు, చూడటం ఉచితం. ఒకరోజుకి ఒకే వస్తువు తీసుకుని నింపాదిగా చూడండి. కొనాలనిపిస్తే చేసినవాళ్ల దగ్గరే కొత్తది కొనండి. 'పాతది, వందేళ్లనాటిది' అని చెప్పి అమ్మేవాటి జోలికి పోవద్దు. చాలావాటికి పొగబెట్టి, మట్టి పూసి పాతవాటిలా చేస్తారు. ఒకవేళ నిజంగా పాతదే అయితే, అక్కడి మ్యూజియం శాఖ అనుమతి లేకుండా నైజీరియా దాటించడం నేరం.