స్కోరు రాసే పిల్లవాడు

బిడ్డా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. కొత్త బడికి బదిలీ అయి ఆరు నెలలు కాకముందే చుట్టుపక్కల నాలుగూళ్లు తిరిగి, వైకల్యం ఉన్న పిల్లలు పద్నాలుగు మందిని లెక్క తేల్చావంటే నా శిష్యురాలివే అనిపించింది. వాళ్లకు ఆటలు మొదలుపెడతానన్నావు, సంతోషం. డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవం నాడు, మండలమంతా పిలిచి, పెద్ద ఎత్తున పోటీలతో ప్రారంభిస్తానన్నావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు.

డిసెంబరు 3 ఎట్లా జరుగుతుందో సర్వీసులో ఉన్నన్నాళ్లూ చూశాను. పిల్లలను తొమ్మిదింటికే తెచ్చి కూర్చోబెడతారు. ముఖ్య అతిథి పదకొండున్నరకు వస్తాడు. నడవలేని పిల్లలు షామియానా కింద, మిగతావాళ్లకు మ్యూజికల్ చైర్స్. చూపులేని పిల్లను ఎవరో భుజాలు పట్టుకుని కుర్చీలోకి తోస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. అరటిపండు, బన్ను, స్టీలు గిన్నె, ఫొటో. ఆ తర్వాత మళ్లీ ఏడాది దాకా ఆ గ్రౌండులో వాళ్ల నీడ కూడా కనిపించదు. వికలాంగులు అనే మాట పోయి దివ్యాంగులు వచ్చింది గానీ బన్ను మాత్రం మారలేదు. నువ్వు అటు పోవద్దు. శనివారం శనివారం ఒక్క గంట పెట్టు. నలుగురే వచ్చినా పెట్టు. వానొస్తే వరండాలో పెట్టు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను చేరిన కొత్తలో మా బడిలో పోలియో వచ్చిన పిల్లవాడు ఒకడుండేవాడు. ఎడమకాలు సన్నగా ఉండేది, చంకకర్ర మీద నడిచేవాడు. ఆటల పీరియడ్‌లో వాడి చేతికి స్కోరు పుస్తకం ఇచ్చేవాణ్ని. మిగతావాళ్ల చెప్పులకు, వాచీలకు కూడా వాడే కాపలా. వాణ్ని బాధపెట్టకుండా ఒక పని అప్పగించానని లోలోపల మురిసిపోయేవాణ్ని. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేళ్లు రాశాడు. మొన్నామధ్య ఒక పెళ్లిలో కలిశాడు, బ్యాంకులో పని చేస్తున్నాడట. "సార్, మీ పుణ్యమా అని లెక్కలు బాగా వచ్చినయి" అన్నాడు నవ్వుతూ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ పూట అన్నం సయించలేదు. సిట్టింగ్ వాలీబాల్ అని ఒక ఆట ఉందని అప్పట్లో నాకు తెలియదు. కోర్టు 10 మీటర్లకు 6, నెట్టు మగవాళ్లకు 1.15 మీటర్లు, ఆడవాళ్లకు 1.05. బంతి కొట్టేటప్పుడు పిరుదులు నేల మీంచి లేవకూడదు. ముఖ్యమైన తేడా అంతే. ఐదేళ్లూ చంకకర్ర మీద నడిచిన వాడి భుజాలు మా టీంలో ఎవరికీ లేవు. తెలిసి ఉంటే ఆ నెట్టు నేను అర గంటలో కట్టేవాణ్ని.

కాబట్టి నీ బడిలో స్కోరు పుస్తకం వంతులవారీగా తిరగాలి. ఈ వారం వీల్‌చైర్ పిల్ల రాస్తే వచ్చే వారం కబడ్డీ కెప్టెన్ రాస్తాడు.

ఏ ఆటలు ఆడించాలా అని అడిగావు. నేనైతే ఆటకంటే ముందు బాత్రూం చూస్తాను. నవ్వకు. వీల్‌చైర్‌లో ఉన్న ఆడపిల్లలు బడికి వచ్చిన రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగరు. ఎందుకో ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. అట్లాంటి పిల్లను ఎండలో గంట సేపు ఆడిస్తే ఏమవుతుందో నీకు చెప్పాలా? తలుపు 90 సెంటీమీటర్లు ఉందా, లోపల చక్రం తిరిగే చోటుందా, పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉందా చూడు. తర్వాత ర్యాంపు. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవుండాలి. కాంట్రాక్టర్లు మెట్ల పక్కన నాలుగడుగుల్లో పోసి వెళ్లిపోతారు. అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. ఆ తర్వాత ఆటో. ఇంటి నుంచి గ్రౌండు దాకా ఎవరు తెస్తారు, ఎవరు తీసుకెళ్తారు, ఆ పూట ఆటోవాడికి డబ్బులెవరిస్తారు అన్నది కాగితం మీద రాసుకో. ఇట్లాంటి కార్యక్రమాలు సగం ఆగిపోయేది ఇక్కడే, ఆటలు రాక కాదు. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్‌ను కలుపుకో. ఏ పిల్లకు ఏముందో, ఎవరి ఇంటి పరిస్థితి ఏమిటో, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఎవరికి వస్తుందో ఆమె దగ్గర లెక్క ఉంటుంది.

ఇక ఆటలు. ఖరీదైన సామాను కోసం ఆగొద్దు. నాకు అన్నింటికంటే ఇష్టమైంది బోచా. చేతులు కూడా సరిగ్గా స్వాధీనంలో లేని సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం పుట్టిన ఆట, 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. ఒక తెల్ల బంతి ముందు విసురుతారు. ఎర్ర బంతులు ఆరు, నీలం బంతులు ఆరు. ఎవరి బంతి తెల్లదానికి దగ్గరగా ఆగితే వాళ్లకు పాయింటు. మన గోళీలాటకు చుట్టమే అనుకో. అసలు బంతి 275 గ్రాములు ఉంటుంది, బత్తాయికంటే కాస్త పెద్దది. మేము గుడ్డతో గుండ్రటి సంచులు కుట్టించి చింతగింజలు నింపాం. కిరాణా కొట్టు తక్కెడ మీద తూచి, రెండు గింజలు తీసి, నాలుగు గింజలు వేసి, ఒక సాయంత్రమంతా అదే పని. ఇసుక మాత్రం పోయొద్దు, బరువు రెట్టింపవుతుంది. విసరలేని పిల్లకు ప్లంబర్ దగ్గర పీవీసీ పైపు నిలువునా చీరించి ఒళ్లో వాలుగా పెట్టు. దాని మీద బంతి పెట్టి చేత్తోనో, గడ్డంతోనో, తలకు కట్టిన పుల్లతోనో నెట్టొచ్చు. పైపు ఎటు తిప్పాలో పిల్ల చెప్పాలి, తిప్పేవాళ్లు కోర్టు వైపు చూడకూడదు. అసలు పోటీల్లో కూడా రూలు ఇదే. మా దగ్గర ఒక పిల్ల మాట స్పష్టంగా రాదు, కళ్లతో ఎడమ, కుడి చెప్పేది. తల్లి పైపు పట్టుకుని, తనకు తోచినట్టు కొంచెం జరిపింది. ఆ పిల్ల అరిచిన అరుపు నాకింకా గుర్తుంది. నా ఆట నేనాడతాను అన్నట్టే వినిపించింది. తల్లికి వెంటనే అర్థమైంది, పైపు వెనక్కి జరిపింది.

చూపులేని పిల్లలకు క్రికెట్ అంటే ప్రాణం. లోపల బేరింగ్ గుండ్లున్న ప్లాస్టిక్ బంతి, చేయి కిందినుంచి దొర్లిస్తారు. బౌలర్ రెడీ అని అడగాలి, బ్యాట్స్‌మన్ ఎస్ అనాలి, ప్లే అని చెప్పి వేయాలి. జట్టులో కనీసం నలుగురు అసలు చూపులేనివాళ్లుండాలి, వాళ్లు కొట్టిన పరుగులకు రెట్టింపు లెక్క. గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి మన దేశం జట్టుకు కెప్టెన్ అయ్యాడు, 2023 అర్జున అవార్డు అతనికి వచ్చింది. 2025 నవంబరులో కొలంబోలో అంధ మహిళల టీ20 ప్రపంచ కప్పు కూడా మన అమ్మాయిలే గెలిచారు. ఈ సంగతి పిల్లలకు చెప్పు. బంతి తెప్పించేలోపు మామూలు ఫుట్‌బాల్‌కు క్యారీబ్యాగ్ చుట్టి కట్టు, దొర్లుతుంటే గరగరమంటుంది. గోల్‌బాల్‌కు అంటే గంటలున్న బంతిని చప్పుడు విని ఆపి, అవతలివాళ్ల గోల్‌లోకి దొర్లించే ఆటకు, హాలు కావాలి, గీతల కింద సుతిలి తాడు పెట్టి పైన టేపు అంటిస్తే వేళ్లకు, పాదాలకు తగులుతుంది. అందరికీ కళ్లకు గంతలే కాబట్టి చూపున్న పిల్లలను కూడా కలిపి ఆడించొచ్చు. మా ఫుట్‌బాల్ కెప్టెన్‌ను దింపితే మూడు నిమిషాల్లో ఏడు గోల్స్ తిన్నాడు. ఆ రోజు తర్వాత చూపులేని పిల్లలను బడిలో చూసే తీరే మారిపోయింది. అయితే చూసేవాళ్లు నోరు మూసుకోవాలి. మనవాళ్లకు అదొక్కటే కష్టం.

వినపడని పిల్లలకు విజిల్ ఊదకు. స్టార్టింగ్ విజిల్ వేస్తే పక్కవాళ్లు కదిలాక కదులుతారు, నువ్వేమో చురుకు లేదనుకుంటావు. రుమాలు పైకెత్తి దించు, చాలు. వాళ్ల ఒలింపిక్స్ వేరు, డెఫ్లింపిక్స్ అంటారు, 1924లో ప్యారిస్‌లో మొదలైంది. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ షూటింగ్‌లో అక్కడ బంగారు పతకం కొట్టాడు.

అన్నీ పోటీలే కానక్కర్లేదు బిడ్డా. వామనగుంటలు చూడు, చూపులేని పిల్లకు ఏ మార్పూ అవసరం లేదు, వేలితో తడిమి గింజలు లెక్కపెట్టుకుంటుంది, చూపున్నవాళ్లకంటే వేగంగా. బతుకమ్మ రోజు వీల్‌చైర్ పిల్లను బతుకమ్మ పక్కన బొమ్మలాగా కూర్చోబెడతారు. అట్లా కాదు, వలయంలోకి తీసుకో. వెనక ఒకరు తోస్తుంటే తను చప్పట్లు కొడుతుంది. పాట కొంచెం నెమ్మదిగా అందుకోమని ఆడవాళ్లకు చెబితే సరిపోతుంది.

ఇప్పుడు నా ఇంకో తప్పు చెప్తాను. ఒకసారి ఉత్సాహం కొద్దీ ఆసుపత్రిలో వాడే మడత వీల్‌చైర్లతో మట్టి గ్రౌండులో పరుగుపందెం పెట్టాను. ముందు చిన్న చక్రం గుంతలో దిగబడి ఒకడు ముందుకు బోర్లా పడ్డాడు, గడ్డం మీద నాలుగు కుట్లు. ఆటల వీల్‌చైర్‌కు పెద్ద చక్రాలు కింద బయటికి వాలి ఉంటాయి, అందుకే పక్కకు పడిపోదు, చటుక్కున తిరుగుతుంది. మామూలు కుర్చీతో చదునైన సిమెంటు మీదే ఆడించు, నడుముకు బెల్టు కట్టు. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు కింద స్పర్శ ఉండదు, ఒకే చోట కూర్చుంటే పుండు పడినా తెలియదు. పావుగంటకోసారి చేతుల మీద లేచి కూర్చోమను. కొందరికి చెమట కూడా సరిగ్గా పట్టదు, మార్చి దాటాక పొద్దున ఎనిమిదిలోపే ముగించు. డౌన్ సిండ్రోమ్ పిల్లలతో డాక్టర్ చూడకుండా పల్టీలు, డైవింగ్ చేయించకు, మెడ ఎముకల దగ్గర పట్టు వదులుగా ఉండొచ్చు. మూర్ఛ ఉన్న పిల్ల నీళ్లలో దిగితే పక్కన ఒక మనిషి ఆ పిల్లను తప్ప ఇంకేమీ చూడకూడదు. ఏడెనిమిదేళ్ల మగపిల్లవాడు పిక్కలు లావుగా ఉండి, తరచూ పడిపోతూ, మెట్లెక్కలేకపోతుంటే బద్ధకం అనుకుని ఇంకో రౌండు పరుగెత్తించకు, కండరాల జబ్బు కావచ్చు. ముందు డాక్టరుకు చూపించు.

తల్లుల దగ్గరికి వస్తే, వాళ్లు పడితే ఎట్లా అని భయపడతారు. మొదటి రెండు వారాలు గట్టు మీద కూర్చోనివ్వు. మూడో వారం నువ్వే వెళ్లి చాయ్ తాగి రమ్మని పంపు. ఇంకో భయం ఉంటుంది, పైకి చెప్పరు. పిల్ల ఆడుతోందని తెలిస్తే పింఛను ఆపేస్తారేమోనని. వైకల్యం ఎంతుందో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో శాతం వేసేది డాక్టర్లు పరీక్ష చేసి, బంతి విసిరినందుకు అది తగ్గదు. ఈ మాట వాళ్లు అడగకముందే ఇంటింటికీ వెళ్లి చెప్పు. మా ఊళ్లో ముగ్గురు పిల్లలు రాకపోవడానికి కారణం ఇదేనని నాకు ఏడాదికి గానీ తెలియలేదు.

పతకాల గురించి అడిగావు. పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల జీవంజి దీప్తిని చూశాక అందరికీ అదే ఆశ. బుద్ధిమాంద్యం ఉందని ఊళ్లో ఎన్ని మాటలన్నారో, బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడకపోతే ఆ పరుగు ఎవరికీ తెలిసేది కాదు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తింది, తన విభాగంలో అప్పటికి ప్రపంచ రికార్డు. అదే ఏడాది ప్యారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఆ పారాలింపిక్స్‌లో మన దేశానికి మొత్తం 29 పతకాలొచ్చాయి. చెప్పుకోవలసిన మాటే. కానీ నీ పద్నాలుగు మందిలో దీప్తిని వెతుకుతూ కూర్చుంటే మిగతా పదమూడు మంది మళ్లీ స్కోరు రాస్తారు. ఎవరైనా నిజంగా వేగంగా పరుగెత్తితే నాకు ఫోన్ చెయ్, క్లాసిఫికేషన్ అని ఒకటుంటుంది, వైకల్యాన్ని బట్టి ఏ విభాగంలో ఆడాలో తేల్చేది, దాని సంగతి అప్పుడు చూద్దాం. సదరం శాతానికీ దానికీ సంబంధం లేదు. ఇప్పటి నుంచే ఆ తల్లిదండ్రులకు ఉద్యోగం, కోటా అని ఆశ పెట్టకు.

హెడ్ మాస్టారు గారు ఫండ్స్ లేవంటే వాదించకు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ మొత్తం ఆటల గురించే ఉంది. దాని జిరాక్స్ ఒకటి వారి టేబుల్ మీద పెట్టి, సార్ మీరే చదివి చెప్పండి అను. ఆ తర్వాత ఖర్చు లెక్క చూపించు. గుడ్డ, పైపు, తాడు, టేపు, ఆటో. ఆటో తప్ప మిగతావన్నీ కలిపినా మన స్పోర్ట్స్ డే షామియానా అద్దె అంత కాదు.

శనివారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాను. పదమూడు బంతులకు మూడున్నర కిలోల చింతగింజలు కావాలి, మీ అమ్మగారు దాచి ఉంచారు, తెస్తాను. ఎరుపు, నీలం గుడ్డ ముక్కలు మీ ఊరి టైలర్ దగ్గర అడిగి పెట్టు, తెల్లది మా ఇంట్లో ఉంది. బాత్రూం తలుపు టేపుతో కొలిచి ఎంతుందో ఈ రాత్రికి మెసేజ్ పెట్టు. తక్కువుంటే వడ్రంగిని కూడా వెంటబెట్టుకొస్తాను.

మీ సార్