వాగు అవతలే ఆగిపో, అమ్మలూ

అమ్మలూ,

నవంబరులో స్కాట్లాండు కొండల్లో ఏదో బాతీలో రాత్రి పడుకుంటావట. మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "అంతా నీ పోలికే అన్నయ్యా, నువ్వే చెప్పు దానికి" అని నా మీద పడింది. నాకూ టెన్షన్‌గానే ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక మీ అత్తతో "చూశావా మన పిల్ల" అని రెండుసార్లు అన్నాను, ఆ సంగతి మీ అమ్మకి చెప్పకు.

బాతీ అంటే కొండల్లో తిరిగేవాళ్ళు ఎవరైనా తలదాచుకునే గుడిసె. తాళం లేదు, కాపలా లేదు, అద్దె లేదు, బుకింగ్ లేదు. మన లంకలో మకాం పాక లాంటిదే, కాకపోతే రాతిగోడలు. 1965 నుంచీ మౌంటెన్ బాతీస్ అసోసియేషన్ వాళ్ళు అలాంటివి వందదాకా చూసుకుంటున్నారు, పనిచేసేది జీతం లేని మనుషులే, కాబట్టి నీ చెత్త నువ్వే మోసుకురా. కరెంటూ కుళాయీ ఉండవు. మూల ఒక పార ఉంటుంది, ఎందుకో నీకు తెలుసు, గుడిసెకీ నీళ్ళకీ దూరంగా వెళ్ళు. తలుపులన్నీ బిగించుకుని లోపల గ్యాస్ స్టవ్ వెలిగించకు. నాలుగు దాటితే చీకటే, టార్చికి ఇంకో జత బ్యాటరీలు పెట్టుకో. ఎటు వెళ్తున్నావో, ఎప్పటికి దిగుతావో ఒకరికి రాసిచ్చి వెళ్ళు.

నా భయమల్లా వాగు. అక్కడ బర్న్ అంటారు.

నేను అక్కడ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. పొద్దున రాళ్ళ మీంచి బూటు తడవకుండా దాటాను. మధ్యాహ్నమంతా వాన. సాయంత్రం తిరిగొస్తే అదే వాగు ఎర్రగా, తొడలదాకా పరిగెడుతోంది. అవతల గుడిసె పొగ కనిపిస్తోంది, వంద అడుగులుండదు. ఆ పొగే నా కొంప ముంచింది. 1986 వరదల్లో ఏటిగట్టు మీద రాత్రుళ్ళు కాపలా కాసినవాణ్ణి, గోదారి పిల్లాణ్ణి, ఈ పిల్లకాలువ నన్నేం చేస్తుందనుకున్నాను. వెధవ పొగరు.

మన గోదారి చెప్పి వస్తుంది కదా. పైన భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులు దాటిందంటే, కింద ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులు తాకేలోపు గేదెల్ని గట్టెక్కించి, బియ్యం మూట అటక మీద పెట్టుకునే వ్యవధి ఉంటుంది. కొండవాగు అలా కాదు, గంటలో లేస్తుంది. పైగా మన వరద నీళ్ళు ఇంత చల్లగా ఉంటాయా? నడుం దాకా దిగేసరికి ఊపిరి ఆడలేదు, కాళ్ళ కింద రాళ్ళు దొర్లుతున్నాయి. పడిపోయాను. బ్యాగు నడుం బెల్టు బిగించే ఉంది, అది నన్ను బోర్లా తిప్పేసింది. ఈత వచ్చినా ఏం లాభం, వేళ్ళు కొంకర్లు పోయి బకిల్ ఊడదే! ఒక బండకి కొట్టుకుని ఆగాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

గుడిసెలో ఇద్దరు ముసలాళ్ళున్నారు. నా తడిబట్టలు విప్పించి, వాళ్ళ స్లీపింగ్ బ్యాగులో కూర్చోబెట్టి, తెల్లారేదాకా టీ పట్టిస్తూనే ఉన్నారు, నాదేమో నీళ్ళోడుతోంది. ఒక్క మాట తిట్టలేదు. పొద్దున నన్ను బయటికి తీసుకెళ్ళి వాగు చూపించారు, చీలమండల దాకా కూడా లేదు. ఒక్క రాత్రి అవతల కూర్చుని ఉంటే సరిపోయేది.

అంచేత నీళ్ళు మోకాలు దాటి జోరుగా ఉంటే దిగకు. గుడిసె కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరిగితే మీ స్నేహితులు నవ్వినా సరే. దాటక తప్పకపోతే ముందు నడుం బెల్టు విప్పు. స్లీపింగ్ బ్యాగూ ఒక జత బట్టలూ ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూతి కట్టు. ఇంకో రోజుకి సరిపడా తిండి విడిగా పెట్టుకో, అది ఉంటేనే మనిషి ఆగుతాడు, లేకపోతే ఆకలి తోసేస్తుంది.

అమ్మమ్మ నీకు పూతరేకులు పంపిస్తానని కూర్చుంది. కొండెక్కేసరికి పొడైపోతాయి అంటే వినదే. చివరికి మామిడి తాండ్రకి ఒప్పించాను, మీ అత్త తమ్ముడు వచ్చేవారం ఎడిన్‌బరో వస్తున్నాడు, తెస్తాడు. గదిలో కూర్చుని తినెయ్యకు. ఆ రెండోరోజు తిండి అదే.

మావయ్య