భర్త కులంతో సర్టిఫికెట్ తెచ్చి బీసీ మహిళ సీటు గెలిస్తే

మీరు అడిగింది ఇదీ: చేవెళ్ల వైపు మీ ఊళ్లో సర్పంచ్ పదవి బీసీ మహిళకు రిజర్వయింది, మీ వదిన రెండో స్థానంలో ఆగారు. గెలిచినామె పుట్టిల్లు ఓసీ, సర్టిఫికెట్ మాత్రం భర్త కులంతో ఉంది. నామినేషన్ల పరిశీలన రోజు అభ్యంతరం పెట్టినా ఆర్వో (రిటర్నింగ్ అధికారి) వినలేదు కాబట్టి హైకోర్టులో రిట్ వేయొచ్చా అని.

రిట్ మాట పక్కన పెట్టండి. రాజ్యాంగం 243-ఓ అధికరణం ప్రకారం పంచాయతీ ఎన్నికను సవాలు చేయాలంటే ఎలక్షన్ ట్రిబ్యునల్‌లో వేసే ఎలక్షన్ పిటిషనే దారి. హైకోర్టుకెళ్లి, ‘ట్రిబ్యునల్‌కు వెళ్లండి’ అనిపించుకుని వచ్చేలోపు గడువు దాటిపోతుంది. ఫలితం ప్రకటించిన రోజు నుంచి 30 రోజులే. మామూలు సివిల్ దావాలాగా ఆలస్యాన్ని మన్నిస్తారని ఆశపడొద్దు.

ఆర్వోను తిట్టుకునీ లాభం లేదు. తహసీల్దార్ ఇచ్చిన సర్టిఫికెట్ చేతిలో ఉండగా, నిలబడ్డ చోటే కులం తేల్చే పని ఆయనది కాదు. మీ రాతపూర్వక అభ్యంతరం, దానిపై ఆయన ఉత్తర్వు, నామినేషన్ పత్రం, జతచేసిన సర్టిఫికెట్... వీటి సర్టిఫైడ్ కాపీలకు ఈరోజే దరఖాస్తు పెట్టండి.

కులం పుట్టుకతో వచ్చేదే, పెళ్లితో మారదు. సుప్రీంకోర్టు 2018లో సునీతా సింగ్ కేసులోనూ అదే చెప్పింది. చట్టం మీ వైపుంది, ఇక రుజువు సంగతి. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం ప్రకారం తన కులం నిరూపించుకునే భారం ఆమెదే. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోకండి. ఆమె తండ్రి, పెదనాన్న, చిన్నాన్నలు చదివిన బడి అడ్మిషన్ రిజిస్టర్లు తీయించండి. ఎంత పాతదైతే అంత బరువు. నిజాం కాలం ఉర్దూ రికార్డయితే అనువాదం జతచేయాలి. ‘వాళ్లు ఓసీలని ఊరందరికీ తెలుసు’ అంటూ పది అఫిడవిట్లు వేసినా ఒక్క రిజిస్టర్ పేజీకి సాటిరావు.

దీనితోపాటే అదే చట్టం సెక్షన్ 5 కింద సర్టిఫికెట్ రద్దు కోరుతూ కలెక్టర్‌కు ఫిర్యాదు ఇవ్వండి. జిల్లా స్థాయి పరిశీలన కమిటీ విచారణకు నెలలు పట్టొచ్చు. అది తేలాక పిటిషన్ వేద్దామనుకున్నవాళ్లే ఎక్కువగా మునుగుతారు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది పిటిషన్‌లో ఏం కోరాలన్న దగ్గర. ఆమె ఎన్నిక రద్దయినంత మాత్రాన మీ వదిన సర్పంచ్ కారు. బరిలో ముగ్గురో నలుగురో ఉంటే, ఆమెకు పడ్డ ఓట్లు ఎటు పోయేవో ఎవరు చెప్పగలరు? 2002లో ప్రకాశ్ ఖాండ్రే కేసులో సుప్రీంకోర్టు అన్నదీ ఇదే. అప్పుడు మళ్లీ ఎన్నికే. ‘మమ్మల్నే గెలిచినట్టు ప్రకటించండి’ అని కూడా కోరితే, పోటీచేసిన అందరినీ ప్రతివాదులుగా చేర్చాలి. పైగా ఆ కోరికతో మీ వదిన అర్హతను తవ్వే అవకాశం ఎదుటి పక్షానికి దొరుకుతుంది. అందుకే ఆ వాక్యం రాయించేముందు మీ వదిన సర్టిఫికెట్ తీసి చూడండి, అందులో ఉన్నది తండ్రి పేరా, భర్త పేరా.