కొంగలు గూళ్ళు పెట్టే చెరువులో దోమల్ని ఎలా తగ్గించుకున్నాం

మీ చెరువులో తుమ్మచెట్ల మీద కొంగలు గూళ్ళు పెట్టాయనీ, దోమలు ఎక్కువయ్యాయని జనం గోలపెడుతుంటే పంచాయతీవాళ్ళు చెరువంతా మందు కొట్టించి, చెట్లు కూడా తీయించేద్దామంటున్నారనీ రాశారు. పక్షులు పోకుండా దోమలు తగ్గే దారి ఉందా అని అడిగారు. ఉంది. మాది గుంటూరు వైపు ఒక పల్లెటూరు. మా చెరువుకీ ఇదే కష్టం వచ్చింది. నాలుగేళ్ళుగా ఆ పనిలో ఉన్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

అన్నిటికంటే ముందు, చెట్లు కొట్టనివ్వకండి. దోమ పుట్టేది నీళ్ళలో, చెట్టు మీద కాదు. నీళ్ళ నడుమ నిలబడ్డ చెట్టు ఆ పక్షులకు కోట లాంటిది. చుట్టూ నీళ్ళున్నంత కాలం కుక్క గానీ నక్క గానీ గూటి కిందికి రాలేదు. పైగా గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న పక్షులు. గుడ్లున్న గూడు పడగొట్టడం నేరం. పంచాయతీలో ఈ మాట మెల్లగా చెబితే చాలు, సగం గొడవ సద్దుమణుగుతుంది.

ఇక మందు సంగతి. మొదటి ఏడాది మేమూ ఆ పనే చేశాం. చందాలు వేసుకుని, పట్నం నుంచి మనుషుల్ని పిలిపించి గట్టు పొడుగునా నీళ్ళ మీద కొట్టించాం. నాలుగైదు రోజులు ఊరు హాయిగా నిద్రపోయింది. కానీ మందు కొట్టిన మర్నాడు పొద్దున నేను గట్టు మీదికి వెళ్తే రేవు దగ్గర చిన్న రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. వాటి మధ్య తూనీగ పిల్లలు, రెక్కలు రాకముందు నీళ్ళలో బతికే మట్టిరంగు పురుగులు, చచ్చి పడి ఉన్నాయి. వాటి విలువ అప్పుడు నాకు తెలియదు. మూడో వారానికి దోమలు మునుపటికంటే ఎక్కువయ్యాయి. మన ఎండలకు దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఎనిమిది, పది రోజులు చాలు. దాన్ని తినే తూనీగ పిల్ల ఎదగాలంటే వారాలు, కొన్ని జాతులకైతే నెలలు పడుతుంది. మందు ఇద్దరినీ చంపింది, కానీ ముందు తిరిగొచ్చింది దోమే.

నూనె పోయించినా అదే తంతు. నీటి మీద నూనె పొర కడితే లార్వాకు, అంటే నీళ్ళలో పెరిగే దోమ పిల్లకు, ఊపిరి ఆడదన్నది నిజమే. కానీ లార్వాల్ని వేటాడే నీటి పెంకుపురుగులు, వెల్లకిలా ఈదే పురుగులు కూడా పైకొచ్చి గాలి పీల్చేవే. మురుగ్గుంటలో నూనె వేయండి, తప్పులేదు. చెరువులో వద్దు.

మాకు దారి చూపించింది మలేరియా విభాగంలో పనిచేసి రిటైరైన మా ఊరి పెద్దాయన. మేమంతా బాబాయ్ అంటాం. చెరువు మధ్యకు తెప్ప వేసుకుని వెళ్తుంటే ఆపి, "నడిమధ్యన ఏం వెతుకుతావురా అబ్బాయ్, అంచు చూడు" అన్నారు. ఒక తెల్లటి ప్లాస్టిక్ మగ్గు వెదురు కర్రకు కట్టించారు. లోతు నీళ్ళలో పది చోట్ల ముంచితే ఒక్క లార్వా లేదు, పరిగె పిల్లలు మాత్రం రెండు వచ్చాయి. గట్టు కింద గేదెలు దిగే చోట, గిట్ట గుంటలో ముంచితే మగ్గు నిండా గిలగిల. ముప్పై దాకా లెక్కపెట్టాను. చాలావరకు తల కిందికి వేసి వాలుగా వేలాడుతున్నాయి, అవి క్యూలెక్స్ అనే జాతి దోమవి. రెండు మూడు మాత్రం నీటికి సమాంతరంగా, పుల్లముక్కల్లా పడుకుని ఉన్నాయి. "ఇవి అనాఫిలిస్, మలేరియా తెచ్చేది ఈ జాతే" అన్నారు.

ఆ రోజు నుంచి నా ఆలోచనే మారిపోయింది. గాలికి అలలు లేచే, చేపలు తిరిగే లోతు నీటిలో దోమ పెరగడం కష్టం. చీలమండలోతు నీళ్ళు, వాటిలో గడ్డి, చేప రాలేని గుంట, ఇవే దాని పుట్టిళ్ళు. మీరు కూడా మొదట అలాంటి మగ్గుతో చెరువంతా ఒకసారి తిరగండి. ఎక్కడ ఎన్ని వచ్చాయో ఒక నోటు పుస్తకంలో రాయండి. మా చెరువులో నూటికి తొంభై వంతుల అంచు శుభ్రంగానే ఉంది. లార్వాలన్నీ కొన్ని చోట్లే దొరికాయి.

అన్నిటికంటే పెద్దది ఊరి మురుగు కలిసే మూల. క్యూలెక్స్‌కు మురుగు నీరంటే ప్రాణం. ఆ వీధి ఇళ్ళకు ఇంకుడు గుంతలు తవ్వించి, మిగిలిన మురుగును చెరువులోకి రాకుండా పక్క కాలువలోకి మళ్ళించాం. దీనికే ఏడాది పట్టింది, ఒప్పించడానికే ఆరు నెలలు. కానీ మేం చేసినవాటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

రెండోది గట్టు వాలు. ఇక్కడే పక్షులకూ మనకూ పేచీ. నీటి అంచు ఏటవాలుగా, పల్చగా ఉంటేనే ఉల్లంకులూ చిన్న కొంగలూ కాళ్ళు మోపి మేస్తాయి. దోమకూ అదే కావాలి. చెరువు మొత్తం నిట్రంగా చెక్కేస్తే దోమతో పాటు పక్షీ పోతుంది. అందుకని ఇళ్ళ వైపు గట్టు మాత్రం నిలువుగా చెక్కించాం, నీళ్ళు ఒక్కసారిగా మోకాలి లోతు దాటేలా. పొలాల వైపు పల్లం అలాగే ఉంచి, అక్కడి గుంటల్ని లోతు నీళ్ళతో కలుపుతూ చిన్న చిన్న బోదెలు తీయించాం. చేప ఆ బోదె పట్టుకుని గుంటల్లోకి వచ్చి లార్వాల్ని తింటుంది. ఆ చేప కోసం కొంగ వస్తుంది. పనంతా గూళ్ళు ఖాళీ అయ్యాక, మే నెలలో, ఉపాధి హామీ కింద చేయించాం. గూళ్ళున్న కాలంలో పార పట్టుకుని ఎవరూ దిగకూడదు. తల్లి పక్షి బెదిరి లేచిందంటే కాకులు క్షణంలో గుడ్లు ఎత్తుకుపోతాయి. ఆ కాలంలో గూళ్ళ దగ్గర పొగమందు బండి కూడా వద్దు. అది ఎగిరే దోమల్ని కొన్ని గంటలు తగ్గిస్తుందేమో గానీ నీళ్ళలో ఉన్నవాటిని ఏమీ చేయదు.

గుర్రపుడెక్క ఉందా మీ చెరువులో? ఉంటే జాగ్రత్త. మాన్సోనియా అనే దోమ ఒకటుంది. దాని లార్వా పైకి రాకుండా గుర్రపుడెక్క వేళ్ళకు గుచ్చుకుని అక్కడి నుంచే గాలి పీలుస్తుంది. మగ్గుతో ముంచితే కనబడదు, నూనె పొరకూ చావదు. డెక్క తీసేయడమే మందు. అయితే ఒక్కసారే అంతా లాగేయకండి. పాయలు పాయలుగా తీయండి. తీసింది ఒక పూట నీటి అంచునే పెడితే అందులోని పీతలూ తోకకప్పలూ మళ్ళీ నీళ్ళలోకి పాకుతాయి, తర్వాత ఎరువు గుంటకు పంపండి. తుంగ మాత్రం కొంత ఉండాలి, నీటికోళ్ళు అందులోనే గుడ్లు పెడతాయి.

నీటిమట్టం కూడా చూసుకోండి. కాలువ నీళ్ళు వదిలేముందు అంచున గడ్డి కోయించి, తూము పూర్తిగా తెరిచి త్వరగా నింపండి. కొంచెం కొంచెంగా రోజుల తరబడి ఎక్కితే గడ్డిలో కొత్త కొత్త గుంటలు తయారవుతూనే ఉంటాయి.

గంబూసియా చేపలు వదలమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. అది మన చేప కాదు. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. లార్వాలతో పాటు తోకకప్పల్నీ చిన్న చేపల పిల్లల్నీ తింటుంది. కట్టుదిట్టమైన తొట్టిలో ఏమో గానీ, అలుగు పారే చెరువులో వదలొద్దు, మళ్ళీ వెనక్కి తీసుకోలేం. మన కాలువల్లోనే తల మీద వెండి చుక్కతో నీటి పైపైన తిరిగే చిన్న చేప ఉంటుంది. లార్వాల్ని చక్కగా తింటుంది. మేం దాన్నే పట్టి గుంటల్లో వదిలాం.

ఇంత చేసినా ఏదో ఒక గుంటలో లార్వాలు తగ్గకపోతే బీటీఐ వాడండి. 1976లో ఇజ్రాయెల్‌లో దొరికిన బాక్టీరియా అది. లార్వా తిన్నప్పుడు దాని పేగును దెబ్బతీస్తుంది, చేపకూ కప్పకూ పక్షికీ నేరుగా హాని చేయదు. లార్వాలు చిన్నగా ఉన్నప్పుడే వేయాలి. బాగా ఎదిగినవి మేత మానేస్తాయి కాబట్టి వాటి మీద పనిచేయదు. మంచిది కదా అని చెరువంతా చల్లకండి. ఫ్రాన్స్‌లోని కమార్గ్ చిత్తడి నేలల్లో విస్తారంగా చల్లిన చోట్ల, చూరు కింద మట్టిగూళ్ళు కట్టే పిట్టలకు పిల్లలు తక్కువ దక్కాయని అక్కడి పరిశోధకులు చూపించారు. దోమతో పాటు, అవి తినే కుట్టని చిన్న ఈగలూ తగ్గిపోయాయి. మేమైతే నాలుగేళ్ళలో రెండు గుంటల్లోనే వాడాం.

మీ ఊళ్ళో డెంగీ వచ్చిందని కూడా రాశారు. దానికి చెరువును తప్పుపట్టకండి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ చెరువులో పెరగదు. కూలర్‌లో, డ్రమ్ములో, పాత టైర్లో, పెరట్లో పారేసిన కొబ్బరి చిప్పలో పెరుగుతుంది, పగలే కుడుతుంది. మేం అదే మగ్గుతో ఇళ్ళ వెంట తిరిగినప్పుడు, కొంగల్ని వెళ్ళగొట్టాలని అందరికంటే గట్టిగా అరిచినాయన పెరట్లోని పాత రోట్లోనే ఏడిస్ లార్వాలు దొరికాయి. ఆయన ఇప్పుడు ప్రతి శుక్రవారం మాతో పాటు తిరుగుతున్నారు.

ఒక్క విషయం దాచకూడదు. మెదడువాపు జ్వరం వైరస్ కొంగల్లో ఉండగలదు, అక్కడి నుంచి పందుల్లోకి వచ్చి బాగా పెరుగుతుంది, వరిచేల దోమలు దాన్ని మనుషులకు చేరుస్తాయి. కాబట్టి పందుల్ని చెరువు పక్కన ఉండనివ్వకండి, మీ జిల్లాలో ఆ టీకా ఇస్తుంటే పిల్లలకు వేయించండి.

మీ చెరువుకు కాలువ నీళ్ళు ఏ నెలలో వదులుతారు, మురుగు ఏ వైపు నుంచి కలుస్తుంది, డెక్క ఎంత మేర ఉంది, ఈ మూడూ రాయండి. ముందు ఏ మూల నుంచి మొదలుపెట్టాలో చెబుతాను. మగ్గుకు మాత్రం తెల్లదే తీసుకోండి, స్టీలు దాంట్లో చిన్న లార్వాలు కనబడవు.