వీధి గది, పశువుల పాక, పన్ను నోటీసు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అమలాపురంలో నువ్వు డాబా ఇల్లు కొనబోతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీ జీతం మీద నువ్వు ఇల్లు కొనుక్కుంటున్నావంటే ఎంత సంతోషించానో, ఇంటి పన్ను సంగతి బ్రోకరే చూసుకుంటానన్నాడని విన్నాక అంత కంగారుపడ్డాను. ఈసీ (ఇంటి మీద తాకట్లు, లావాదేవీలు ఏమున్నాయో చూపే పత్రం) తీయించడం, లింకు దస్తావేజులు, అంటే ఆ ఇంటి పాత దస్తావేజులు, వకీలుకు చూపించడం నీకు చెప్పక్కర్లేదు. పన్ను కాగితాల్లోని మాటలు మాత్రం నువ్వే చదివి అర్థం చేసుకోవాలి.

2002లో, ఉద్యోగరీత్యా మేమున్న ఊళ్లో (ఊరి పేరెందుకులే) పెంకుటిల్లు కొన్న కొత్తలో ఇంటి పన్ను కోసం కట్టిన విలువ, కొలతలు తెలుపుతూ మునిసిపాలిటీ నుంచి నాకొక ప్రత్యేక నోటీసు వచ్చింది. అందులో విలువ అన్నచోట 12,600 రూపాయలని ఉంది. ఇల్లంతటికీ ప్రభుత్వం కట్టిన వెల అదేననుకుని, ఇంత తక్కువ వేశారంటే మంచిదేగా అని మురిసిపోయి, నోటీసును పంచాంగంలో పెట్టేశాను. అది ఇంటి వెల కాదు, వార్షిక అద్దె విలువ. అంటే ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చునో వేసిన అంచనా. మా వీధిలో ఆ రోజుల్లో అంత అద్దె ఎవరికీ వచ్చేది కాదు. అర్ధ సంవత్సరం గడిచి పన్ను కట్టమని డిమాండు చేతికొచ్చాక, పక్కింటి మాస్టారు ఆ నోటీసు తెప్పించుకుని చదివితే అసలు సంగతి బయటపడింది. కొబ్బరికాయలు పోసుకునే తాటాకు పాకను, కూలిపోయిన పశువుల పాకను కూడా కట్టుబడి విస్తీర్ణంలో కలిపేశారు. మీ అత్తయ్య వీధి గదిలో కుట్టుమిషను పెట్టుకుందని ఆ గదిని నివాసేతరం, అంటే కాపురానికి కాక వ్యాపారం లాంటి వాటికి వాడేది, కింద రాశారు. లెక్క సరిచేయమని అడిగే రివిజన్ పిటిషన్ పెట్టుకోవాల్సిన గడువు నోటీసు అడుగునే రాసి ఉంది. అది దాటి అప్పటికి చాలా రోజులైంది. తప్పు కొలతలకు ఏళ్ల తరబడి డబ్బు కట్టాను. మీ అత్తయ్య ఆ మిషను అమ్మేస్తానంటే వద్దనడానికి కూడా నాకు నోరు రాలేదు. ఆ విషయం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

అమ్మేవాళ్లు చూపించే పాత రసీదుల్లో ఈ అద్దె విలువ నీకూ కనబడవచ్చు. కానీ 2021 ఏప్రిల్ 1 నుంచి మన ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పన్నును మూలధన విలువ మీద వేస్తున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ స్థలానికి, కట్టడానికి కట్టే మార్కెట్ విలువే దానికి ఆధారం గానీ, నువ్వు బేరమాడి ఇచ్చే ధర కాదు. నివాసమైతే ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా, నివాసేతరమైతే 0.20 నుంచి 2 శాతం దాకా పన్ను వేయవచ్చు. వీధి గదిని జిరాక్సు షాపుకు అద్దెకిద్దామనుకుంటున్నావట. ఆ అద్దె లెక్కలో ఈ తేడాను కూడా వేసుకున్నావా? వేసుకుని ఉండవు, నాకు తెలుసు! ఇవ్వవద్దని అనడం లేదమ్మా, లెక్క చూసుకుని ఇవ్వమంటున్నాను.

బకాయి ఉంటే అమ్మినవాడితో పోదు, ఇంటిని పట్టుకునే ఉంటుంది. ఆలస్యానికి నెలకు రెండు శాతం వడ్డీ కూడా పడుతుంది. కాబట్టి అసెస్‌మెంట్ నంబరుతో (పన్ను లెక్కల్లో ఆ ఇంటికిచ్చిన నంబరు) బకాయి ఎంతో చూసుకున్నాకే బయానా ఇవ్వు. ఆ నంబరూ, ఇంటి నంబరూ ఒకటి కావు. రిజిస్ట్రేషన్ అయ్యాక పేరు మార్పు, అదే మ్యుటేషన్, అయిందో లేదో నువ్వే కనుక్కో. నీ పేరున రసీదు వచ్చినంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు, హక్కుకు దస్తావేజే ఆధారం. అయినా పాత యజమాని పేరున నోటీసులు వెళ్తుంటే గడువులన్నీ నీకు తెలియకుండానే దాటిపోతాయి, అదే నా భయం.

నీ పేరున మొదటి నోటీసు రాగానే నాకు ఫోటో తీసి పంపు. ఈలోగా వచ్చే ఆదివారం టేపు పట్టుకుని నేనే అమలాపురం వస్తాను. కొలిచేటప్పుడు రెండో కొస పట్టుకోవడానికి మీ ఆయన్ని ఇంట్లో ఉండమను.

ఇట్లు,
మీ మామయ్య