పెరటి ప్రశ్నలు: తవ్వేకొద్దీ వచ్చే తుంగ

ప్రశ్న: మా ఇంటి వెనక ఓ రెండు సెంట్ల జాగా ఉందండీ, నల్లరేగడి, ఇల్లు కట్టినప్పట్నుంచి ఖాళీగానే పడుంది, మొత్తం కలుపే. నిరుడు వానల్లో మనిషిని పెట్టి తవ్విస్తే నెల తిరక్కుండానే మునుపటికన్నా ఒత్తుగా లేచింది. ఈసారి వర్షాలకల్లా బెండ, వంగ, ఆకుకూరలు వేద్దామనుంది. మందు కొట్టించమంటారా, లేక పైన ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి పోయించేస్తే అయిపోతుందా? – ఓ పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: తవ్వాక ఇంకా ఒత్తుగా లేచిందన్నారు చూశారా, నాకైతే తుంగే అనిపిస్తోంది. ఓ కాడ తెంపి వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు అంచులు తగిలితే ఇక డౌట్ లేదు. పైన ఆకు పీకితే చేతికొచ్చేస్తుంది గానీ అసలుది కింద ఉంటుంది, చిన్న చిన్న నల్ల దుంపలు, దారానికి గుచ్చిన పూసల్లా ఒకదాని వెనక ఒకటి. (మూలికల కొట్లో తుంగముస్తలని అమ్మేవి ఇవే, మీ పెరట్లో మాత్రం ఫ్రీగా దొరుకుతాయి.) ఆ వరసలో చివరి దుంప మొలుస్తుంటే మిగతావి చాలావరకు నిద్రలో ఉంటాయి, పార దెబ్బకి వరస తెగిందా, ఒక్కోటీ విడిగా మొలకేస్తుంది. అదీ తడి నేలలో తవ్వించారు కాబట్టి తెగిన ప్రతి ముక్కకీ నీళ్లు కూడా అందాయి. రోటవేటర్ (ట్రాక్టర్‌కి తగిలించి మట్టిని గుల్ల చేసే యంత్రం) తిప్పించినా ఇదే కథ, దయచేసి ఆ పని చెయ్యొద్దు.

దీనికి సరైన టైమ్ ఎండాకాలమే. ఏప్రిల్, మే నెలల్లో నేల పొడిగా ఉన్నప్పుడు గడ్డపారతో ఓ జానెడు లోతు పెళ్లలు పెళ్లలుగా లేపించండి, దుంపల్లో ఎక్కువ భాగం ఆ లోతులోనే ఉంటాయి. పెళ్లల్ని పగలగొట్టకుండా ఎండకి వదిలేసి వారానికోసారి తిరగెయ్యండి. తుంగ దుంప దేనికైనా తట్టుకుంటుంది గానీ ఒంట్లో తేమ పోతే బతకలేదు, రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండ మనకి అందుకే కావాలి. బయటపడ్డ దుంపలు ఏరి పారెయ్యండి, కంపోస్టు గుంతలో మాత్రం వెయ్యకండి.

నేల తడిపి ప్లాస్టిక్ షీట్ కప్పమని కొందరు చెప్తారు, మంచి పద్ధతే. పల్చటి ట్రాన్స్‌పరెంట్ షీట్, అంచులు మట్టిలో పూడ్చి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే గింజతో వచ్చే కలుపు చాలావరకు పోతుంది. కానీ తుంగకి అది పూర్తిగా పనిచెయ్యదు, దాని మొలక షీట్‌ని పొడుచుకుని మరీ బయటికొస్తుంది. పైగా దానికి నేల తడిపి ఉంచాలి, మనకేమో ఎండాలి, రెండూ కుదరవు. మీ జాగాకైతే నేను ఎండబెట్టడానికే ఓటేస్తా.

మృగశిర వానలు పడగానే ఆత్రంగా బెండ గింజలు పెట్టెయ్యకండి. మిగిలిన దుంపలు ముందు మొలవనివ్వండి, మొలిచినవాటిని దుంపతో సహా తవ్వి తియ్యండి, సుమారు మూడు వారాలు దాటనిస్తే అది మళ్లీ కొత్త దుంపలు పెట్టడం మొదలెడుతుంది. ఆ తర్వాత జనుము ఒత్తుగా చల్లండి, తుంగకి నీడంటే అస్సలు పడదు. 40, 45 రోజులకి పూతకొచ్చినప్పుడు కోసి మట్టిలో కలిపేసి, రెండు మూడు వారాలు చివకనిచ్చి వంగ నారు పెట్టుకోండి. అంటే ఈ సీజన్‌లో బెండ పోయినట్టే, మరీ మనసాగకపోతే గ్రో బ్యాగుల్లో వేసుకోండి.

మందు సంగతి: గ్లైఫోసేట్ అనే కలుపు మందుని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ కొట్టకూడదని 2022 అక్టోబర్‌లో కేంద్రం ఆర్డర్ ఇచ్చింది, కొట్లో ఎవరైనా పర్లేదమ్మా మీరే కొట్టుకోండి అన్నా తీసుకోకండి. అయినా పైన ఆకు లేకుండా నిద్రలో ఉన్న దుంపకి ఆ మందు అందదు. ఉప్పు చల్లమనేవాళ్లూ ఉంటారు, తుంగ సంగతేమో గానీ మీ వంగ మాత్రం చస్తుంది. ఎర్రమట్టికి డబ్బులు దండగ, తుంగ దాన్లోంచి కూడా పైకొచ్చేస్తుంది, ఆ మట్టిలోనే ఇంకో ఊరి తుంగ రాదని గ్యారంటీ కూడా లేదు.

ప్రశ్న: కొత్త మడి కోసం వయ్యారిభామ పీకేస్తున్నాం, కంపోస్టులో వెయ్యొచ్చా? – ఓ పాఠకుడు, సిద్దిపేట

జవాబు: పూత రాకముందైతే నిక్షేపంగా వెయ్యొచ్చు. పువ్వు కనిపించిందంటే వద్దు, ఒక్కో మొక్క వేలల్లో గింజలు రాలుస్తుంది. వర్షం పడ్డ మర్నాడు పీకితే వేరుతో సహా వస్తుంది. గ్లౌజులు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకోండి, చాలామందికి దీంతో ఒళ్లు దద్దుర్లు వస్తాయి, ఆయాసం ఉన్నవాళ్లని అసలు ఈ పనికి పెట్టకండి.

ప్రశ్న: పచ్చిపేడ మడిలో కలపొచ్చా అండీ? – ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దండీ. పశువు మేసిన గడ్డి గింజలు కొన్ని పేడలో అరక్కుండా అలాగే ఉంటాయి, చేజేతులా కలుపు చల్లినట్టవుతుంది, పైగా చెదలు పట్టొచ్చు. బాగా మాగి, పిడికిట్లో నలిపితే పొడిపొడిగా రాలే పశువుల ఎరువే వాడండి.