చెన్నైలో చదివే తెలుగు పిల్లల చేత తమ గురించి తాము ఎలా రాయించాలి?

‘నా గురించి’ అని వ్యాసం ఇవ్వకండి. పేరు, తరగతి, ఆశయం వరసగా వచ్చేస్తాయి, అంతే. పిలుపులతో మొదలుపెట్టండి. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడులో మామూలుగా తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. అందుకని ఒకే పిల్లకు పేరు ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా ఉండొచ్చు. ఇంట్లో, బడిలో, వీధిలో తనను ఎవరు ఏమని పిలుస్తారో 5 నిమిషాలు రాయించండి. అందులో ఒక్క పిలుపు పట్టుకుని 15 నిమిషాల్లో 8-10 వాక్యాలు. అమ్మమ్మ మాట తెలుగులో, ఆటో నడిపే అన్నయ్య మాట తమిళంలో వస్తే అలాగే ఉండనివ్వండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలో రాసినా సరే. అక్షరదోషాలు అప్పుడే దిద్దారా, కలం ఆగిపోతుంది. ఇంటిపేరు చెప్పమని మాత్రం పట్టుబట్టొద్దు, కులం ఆరా తీసినట్టవుతుంది. అడక్కుండా ఎవరి కాగితమూ పైకి చదవొద్దు.